ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి!

పన్ను గురించి మనకున్న సామెతలూ నుడికారాలూ ఓసారి వరసగా చెప్పుకుని చూడండి. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి. మూతిపళ్ళు రాలతాయి జాగ్రత్త. పళ్ళు నూరడం, పళ్ళికిలించడం, చివరికి బోసినవ్వు. ఎటు తిప్పి చూసినా ఊడటమో ఊడగొట్టడమో తప్ప, చెడిపోయిన పన్నుని నిలబెట్టుకోవడం మీద ఒక్క మాట కూడా నాకు తట్టలేదు. మీకెవరికైనా తెలిస్తే చెప్పి పుణ్యం కట్టుకోండి.

భాష ఊరికే అలా తయారవదు కదా. మా ఏలూరు వైపు పుచ్చిపోయిన పన్నుకి తెలిసిన వైద్యాలు మూడే. మొదట లవంగం బుగ్గన పెట్టుకోవడం, తగ్గకపోతే ఉప్పునీళ్ళు పుక్కిలించడం, అప్పటికీ తగ్గకపోతే పీకించెయ్యడం. మా మామ్మది కొల్లేటి ఒడ్డున చిన్న ఊరు. 1980లలో సంగతి. నొప్పి వస్తే ఓర్చుకోగలిగినన్నాళ్ళు ఓర్చుకుని, ఇక లాభం లేదనుకున్నాక ఏలూరు వచ్చి పీకించుకుని వెళ్ళేది. యాభై ఏళ్ళు దాటేసరికి ఆవిడ నోట్లో దవడ పన్నంటూ మిగల్లేదు. చేపల ఊళ్ళో పుట్టి, చేపల ఊళ్ళో కాపురం చేసిన మనిషి, చివరి ఇరవై ఏళ్ళూ ముళ్ళు తీసి మెత్తగా పిసికిన ముద్దలే తింది. దాన్ని ఎప్పుడూ నష్టంగా చెప్పుకోలేదావిడ. "వయసొస్తే పోవా ఏంటి?" అనేది. అప్పుడావిడ వయసు యాభై!

ఈ మధ్య నా కింది దవడ పన్ను ఒకటి సగానికి విరిగింది. ఏలూరులోనే రూట్ కెనాల్ చేయించుకుని పైన క్యాప్ వేయించుకున్నాను. శుభ్రంగా జంతికలు నములుతున్నాను. మామ్మకీ నాకూ మధ్య రెండే తరాలు. అదే ఊరు, దాదాపు అదే జబ్బు. ఆవిడ పన్ను చెత్తబుట్టలోకి పోయింది, నా పన్ను నోట్లోనే ఉంది. మధ్యలో ఏం మారింది? డాక్టర్లు తెలివైనవాళ్ళయిపోయారా? మనకి డబ్బులొచ్చాయా? ఆ ఆరా తీస్తూ పోతే తేలిన చరిత్ర ఇది. కాస్త పెద్దదే, ఓపిక పట్టండి.

అసలు క్యాప్ ఎందుకు?

ముందు చిన్న పాఠం. పన్ను పైన ఉండే పింగాణీ లాంటి పొర, ఎనామిల్, మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది. ఎనామిల్ మాత్రం ఒకసారి పోతే పోయినట్టే. దాన్ని తయారుచేసే కణాలు పన్ను బయటికి రాకముందే తమ పని ముగించుకుని వెళ్ళిపోతాయి. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, రాసినవాళ్ళందరూ కంపెనీ వదిలి వెళ్ళిపోయిన పాత కోడ్ అన్నమాట. నడుస్తున్నంత కాలం నడుస్తుంది, పాడైతే బాగుచేసేవాడు లేడు.

అలాంటి కోడ్‌ని ఏం చేస్తాం? పీకి పారేస్తే దానిమీద ఆధారపడ్డవన్నీ పడిపోతాయి. అందుకని లోపలి కుళ్ళు తీసేసి, మిగిలిన దాన్ని కదపకుండా చుట్టూ ఒక రాపర్ రాస్తాం. క్యాప్ అంటే సరిగ్గా అదే. పన్నుని చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్లు అరగదీసి, చిన్న మొద్దులా చేసి, దానిమీద పాత పన్ను ఆకారంలో ఒక తొడుగు అతికిస్తారు. నమిలేటప్పుడు పడే బరువు తొడుగు మీద పడి, పన్ను చీలిపోకుండా ఉంటుంది. బండి చక్రానికి ఇనప పట్టా వేస్తే కర్ర విడిపోదు చూడండి, అదే సూత్రం.

రూట్ కెనాల్ చేసిన దవడ పంటికి ఇది మరీ అవసరం. 2002లో అమెరికాలో ఆక్విలినో, కాప్లాన్ అనే ఇద్దరు పరిశోధకులు రూట్ కెనాల్ అయిన పళ్ళ రికార్డులు తిరగేసి చూస్తే, తొడుగు వెయ్యని పళ్ళు వేసినవాటికన్నా ఆరు రెట్లు ఎక్కువగా ఊడిపోయాయని తేలింది.

ఇంత తేలిక ఆలోచన మనుషులకి ముందే తట్టలేదా? తట్టింది. కానీ ఆలోచన ఒక్కటీ ఉంటే సరిపోదు. నొప్పి తెలియకుండా చెయ్యాలి, పన్నుని అరగదీసే పనిముట్టు ఉండాలి, వెంట్రుకవాసి తేడా లేకుండా అచ్చు దిగాలి, నోట్లో ఏళ్ళ తరబడి ఉండే పదార్థం కావాలి, ఇవన్నీ తెలిసిన మనిషి దగ్గర్లో ఉండాలి. ఈ ఐదూ ఐదు దారుల్లో వచ్చి కలవడానికే వేల ఏళ్ళు పట్టింది.

పూసలు చేసేవాళ్ళు, పురుగులు చూసినవాళ్ళు

పన్ను తొలిచి బాగుచేద్దామని చూసిన బాగా పాతవాళ్ళలో మన ఉపఖండం వాళ్ళూ ఉన్నారు. ఇప్పటి పాకిస్తాన్ బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో 7,500 నుంచి 9,000 ఏళ్ళ కిందటి సమాధుల్లో తొమ్మిది మంది నోళ్ళలో పదకొండు తొలిచిన పళ్ళు దొరికాయి. 2006లో నేచర్ పత్రికలో వచ్చిందీ సంగతి. ఆ ఊరివాళ్ళు పూసలకి రంధ్రాలు పెట్టడంలో నిపుణులు. విల్లు లాంటి కర్రకి తాడు చుట్టి, చెకుముకి రాయి మొన ఉన్న పుల్లని గిరగిరా తిప్పేవాళ్ళు. అదే పనిముట్టు పంటి మీద వాడారు. పరిశోధకులు అలాంటిదే తయారుచేసి తిప్పి చూస్తే నిమిషంలోపే పంటికి రంధ్రం పడింది. రంధ్రాల అంచులు అరిగి ఉన్నాయి, అంటే వైద్యం తర్వాత ఆ మనుషులు బతికారు, ఆ పంటితో నమిలారు కూడా. తర్వాత ఆ విద్య ఏమైందో గానీ, అక్కడి తర్వాతి సమాధుల్లో కనపడదు.

సుశ్రుత సంహితలో నోటి రోగాలు 65 అని లెక్క కట్టారు. అందులో పంటివి ఎనిమిది, చిగుళ్ళవి పదిహేను. పుచ్చిపోయిన పంటి పేరు కృమిదంతం, పురుగు పట్టిన పన్ను. పంట్లో పురుగుంటుందన్న నమ్మకం బాబిలోనియా నుంచి యూరప్ దాకా అందరికీ ఉండేది. దాన్ని గట్టిగా కాదన్నవాడు ఫ్రాన్స్‌కి చెందిన పియర్ ఫోషార్, 1728లో వేసిన తన పెద్ద పుస్తకంలో. ఆఖరికి 1890లో బెర్లిన్‌లో పనిచేసిన మిల్లర్ అనే అమెరికన్ అసలు గుట్టు విప్పాడు. నోట్లోని సూక్ష్మజీవులు తీపినీ పిండినీ తిని ఆమ్లం వదులుతాయి, ఆ ఆమ్లం పన్నుని కరిగిస్తుంది అని. అంటే పాతవాళ్ళు చెప్పిన పురుగు పూర్తిగా అబద్ధం కాదు, కంటికి కనపడని పురుగు అంతే :)

ఏడో శతాబ్దంలో మన దేశంలో తిరిగిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, ఇక్కడివాళ్ళు రోజూ పుల్ల నమిలి పళ్ళు తోముకోవడం చూసి, అందుకే వీళ్ళకి పంటినొప్పి చాలా అరుదని రాసుకున్నాడు. మా మామ్మ కూడా వేపపుల్ల మనిషే. మరి ఆవిడ పళ్ళెందుకు పోయాయి? నాకు తోచిన సమాధానం పంచదార. ఇత్సింగ్ చూసిన కాలంలో తీపి పండగ వస్తువు. 1947లో స్థాపించిన ఆంధ్రా షుగర్స్ మాకు పక్కనే, తణుకులో. తాడేపల్లిగూడెం దాటితే తణుకెంత దూరం? పూటకో గ్లాసు టీ, అందులో రెండు చెంచాల పంచదార అలవాటైన తరానికి వేపపుల్ల ఒక్కటే ఏం కాపలా కాస్తుంది?

బంగారం, పేటెంట్లు, కోర్టు గొడవలు

తొడుగు సంగతికొద్దాం. ఇటలీలో రోమన్లకన్నా ముందున్న ఎట్రుస్కన్లు 2,500 ఏళ్ళ కిందటే బంగారు రేకు పట్టీలతో పళ్ళు కట్టేవాళ్ళు. ఫోషార్ ఊడిన పంటి వేరులోకి బంగారు, వెండి మేకు దించి పైన కృత్రిమ పన్ను నిలబెట్టాడు. కానీ ఇప్పుడు మనం తొడుగనే దానికి దగ్గరగా వచ్చింది 1869లో మారిసన్ అనే అమెరికన్ చేసిన బంగారు గుల్ల తొడుగు. 1880లో రిచ్‌మండ్ అనేవాడు ముందు పంటికి పింగాణీ ముఖం పెట్టిన తొడుగు తెచ్చాడు.

ఇక్కడ కథ మా వృత్తివాళ్ళకి బాగా తెలిసిన మలుపు తిరుగుతుంది. పేటెంట్లు! ఇంటర్నేషనల్ టూత్ క్రౌన్ కంపెనీ అని ఒకటి ఈ పేటెంట్లు పోగేసి, తొడుగు వేసిన ప్రతి డాక్టరూ మాకు డబ్బు కట్టాలని కోర్టుల వెంట పడింది. ఒళ్ళు మండిన డాక్టర్లు 1888లో షికాగోలో క్రౌజ్ అనే ఆయన నాయకత్వంలో ఒక రక్షణ సంఘం పెట్టుకుని, చందాలేసుకుని కేసులు పోరాడారు. సాఫ్ట్‌వేర్ పేటెంట్ల మీద మనం ఇవాళ పడే గొడవంతా పళ్ళ డాక్టర్లు నూట ముప్ఫై ఏళ్ళ కిందటే పడ్డారన్నమాట.

ఇదంతా జరగాలంటే ముందు నోరు తెరిచి ఉంచగలగాలి. పన్ను పీకడానికి నొప్పి రెండు నిమిషాలు, తొడుక్కి అరగదియ్యాలంటే చాలాసేపు. మత్తు లేనప్పుడు పీకుడే గెలుస్తుంది, అది సహజం. 1844లో వెల్స్ నవ్వించే గ్యాస్‌తో, 1846లో మోర్టన్ ఈథర్‌తో మత్తు ఇచ్చి చూపించారు. ఇద్దరూ పళ్ళ డాక్టర్లే. 1884లో వియన్నాలో కార్ల్ కొల్లర్ (పేరు చూసి మన కొల్లేరు వాడనుకోకండి) కొకైన్ చుక్కలతో కంటిని మొద్దుబార్చవచ్చని చూపించాడు. అక్కడినుంచి దంతవైద్యంలోకి సూది మందు వచ్చింది. 1905లో నోవొకైన్, 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిడోకైన్. ఇవాళ చిగురుకి ఇచ్చే ఇంజెక్షన్ ఆ లిడోకైనే, లేదా దాని బంధువు.

పనిముట్టు కూడా అలాగే. 1871లో వచ్చిన యంత్రం కుట్టుమిషన్ లాగా కాలితో తొక్కేది, నిమిషానికి రెండు వేల చుట్లు. 1957లో బోర్డెన్ తెచ్చిన గాలి టర్బైన్ మూడు లక్షల చుట్లు తిరిగింది. మనం భయపడే ఆ 'కీ' మనే చప్పుడు నిజానికి మన పాలిటి వరం. రెండు వేల చుట్లతో ఎనామిల్ అరగదీస్తే పుర్రె మొత్తం అదిరిపోయేది.

విగ్రహాలు పోసినట్టే

అన్నిటికన్నా నాకు నచ్చిన ఘట్టం ఇది. రేకుని వంచి చేసిన తొడుగు పంటికి సరిగా అంటదు. అంచులో సందుంటుంది, సందులో మళ్ళీ పుచ్చు. 1907లో టాగర్ట్ అనే షికాగో డాక్టరు దీనికో ఉపాయం చెప్పాడు. కావలసిన ఆకారం మైనంతో చేసి, దాని చుట్టూ మట్టి లాంటి పదార్థం పోసి, కాల్చి మైనం కరిగించేసి, ఆ ఖాళీలోకి కరిగిన బంగారం ఒత్తిడితో ఎక్కించడం.

ఎక్కడో విన్నట్టుంది కదూ? పంచలోహ విగ్రహాలు పోత పోసే పద్ధతే. మన శాస్త్రాల్లో దాని పేరు మధూచ్ఛిష్ట విధానం. మధూచ్ఛిష్టమంటే తేనె తీసుకున్నాక మిగిలేది, మైనం. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాసిన మానసోల్లాసంలో ఈ పోత పద్ధతి ఉంది. ఆ చాళుక్యుల దాయాదులు, తూర్పు చాళుక్యులు, ఏలింది మా ఏలూరు పక్కనున్న వేంగి నుంచే, అంటే ఇప్పటి పెదవేగి. మనం దేవుళ్ళని పోశాం, వాళ్ళు పళ్ళని పోశారు!

టాగర్ట్ కూడా పేటెంటు తీసి అందర్నీ డబ్బులడిగాడు. కానీ అయొవాలోని ఒక చిన్న ఊరి డాక్టరు ఫిల్‌బ్రూక్ పదేళ్ళ ముందే ఈ పద్ధతి చెప్పి అచ్చు కూడా వేశాడని తేలడంతో పేటెంటు నిలబడలేదు. పద్ధతి మాత్రం నిలబడింది. ఆ తర్వాత వందేళ్ళ పాటు లోహపు తొడుగులన్నీ దాదాపు అలాగే పోశారు.

తొడుగు గెలిచింది అనుకుంటున్నారా? ఆగండి. 1910లో విలియం హంటర్ అనే బ్రిటిష్ డాక్టరు కెనడా వచ్చి ఒక ఉపన్యాసమిచ్చాడు. మీ అమెరికన్ డాక్టర్లు కుళ్ళు మీద బంగారు సమాధులు కడుతున్నారు, ఆ కుళ్ళే ఒళ్ళంతా రోగాలు తెస్తోంది అన్నాడు. అందులో కొంత నిజముంది. లోపలి చీము సరిగా శుభ్రం చెయ్యకుండా పైన బంగారం మూసేసే డాక్టర్లు అప్పుడు చాలామందే ఉన్నారు. కానీ మందు రోగాన్ని మించిపోయింది. కీళ్ళనొప్పులకీ, కడుపునొప్పికీ, దేనికైనా సరే పళ్ళన్నీ పీకెయ్యడం మొదలుపెట్టారు. అమెరికాలో, ఇంగ్లండులో రెండు మూడు దశాబ్దాల పాటు లక్షణమైన పళ్ళు కూడా ఊడిపోయాయి. చెత్త పనికి విరుగుడు మంచి పని కావాలి గానీ అసలు పనే మానెయ్యడం కాదని తెలుసుకోడానికి అన్నేళ్ళు పట్టింది.

ఇంతకీ మన దగ్గర చేసేవాడేడి?

1910 నాటికి అమెరికాలో వాదన తొడుగు మంచిదా చెడ్డదా అని. మన దేశంలో అప్పటికి దంతవైద్యం నేర్పే కాలేజీయే లేదు. తూర్పు బెంగాల్లో పుట్టిన రఫీయుద్దీన్ అహ్మద్ అమెరికా వెళ్ళి 1915లో అయొవాలో చదువు ముగించి, కొన్నాళ్ళు బోస్టన్‌లో పిల్లల దంత వైద్యశాలలో పనిచేసి, తిరిగొచ్చి 1920లో కలకత్తాలో మన దేశపు మొదటి దంత వైద్య కళాశాల పెట్టాడు. సర్కారు సొమ్ము కాదు. న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అని చల్లటి పానీయాల దుకాణం ఆయనకి ఆసరా. తీపి సోడాలమ్మి పళ్ళ కాలేజీ నడపడం అంటే, విధి వేసిన జోకు అనాలి. 1964లో ఆయనకి పద్మభూషణ్ ఇచ్చారు.

1948లో డెంటిస్ట్స్ యాక్ట్ వచ్చింది. అందులో రిజిస్టరుకి రెండు భాగాలు. చదువుకుని పట్టా పొందినవాళ్ళు ఎ భాగంలో. పట్టా లేకపోయినా, కనీసం ఐదేళ్ళుగా ఇదే వృత్తిగా బతుకుతున్నవాళ్ళు బి భాగంలో. చట్టమే అలా ఒప్పుకోవాల్సి వచ్చిందంటే అర్థం చేసుకోండి. ఉన్న డాక్టర్లతో దేశానికి సరిపడదు, తండ్రి దగ్గరో గురువు దగ్గరో పని నేర్చుకున్నవాళ్ళని కాదంటే ఊళ్ళకి ఊళ్ళే దిక్కులేకుండా పోతాయి. కలకత్తాలో హుబే ప్రాంతం నుంచి వచ్చిన చైనావాళ్ళకి కుటుంబ వృత్తే దంతవైద్యం.

హైదరాబాదులో ప్రభుత్వ దంత కళాశాల 1959లో మొదలైంది. అంటే మా మామ్మ పడుచుదనంలో తెలుగు నేలమీద చదువుకున్న పళ్ళ డాక్టర్లు తయారవడం అప్పుడప్పుడే మొదలవుతోంది. వాళ్ళు హైదరాబాదు, విశాఖ, విజయవాడ దాటి ఏలూరు చేరాలి. కొల్లేటి లంకల నుంచి మనుషులు ఏలూరు చేరాలి. వానాకాలంలో లంకవాళ్ళకి పడవే దారి. తొడుక్కి ఒక్కసారి వస్తే చాలదు. నరం చంపడానికి రెండు మూడుసార్లు, కొలత తీసుకోడానికోసారి, బిగించడానికోసారి. పీకించుకోడానికి ఒక్క పడవ ప్రయాణం, ఒక్క రోజు కూలి నష్టం. లెక్క మీరే వెయ్యండి. మామ్మకి తెలివి లేక కాదు పీకించుకున్నది. ఆవిడ చేతిలో ఉన్న లెక్క ప్రకారం అదే సరైన జవాబు.

2000ల మొదట్లో మా చుట్టుపక్కలే దంత కళాశాలలు వచ్చాయి. ఏలూరు పక్క దుగ్గిరాలలో ఒకటి, భీమవరంలో ఒకటి. కాలేజీ వచ్చిందంటే దానికో ఆస్పత్రి వస్తుంది, మాస్టార్లు చూస్తుండగా విద్యార్థులు తక్కువ ఖర్చుతో పని చేస్తారు, చదువు పూర్తయినవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో బోర్డులు కడతారు. తాడేపల్లిగూడెంలో, ఏలూరు పవర్‌పేటలో ఇవాళ నడిచి వెళ్ళి పళ్ళ డాక్టర్ని చూపించుకోవచ్చు. నాకూ మామ్మకీ మధ్య ఉన్న అసలు తేడాల్లో ఇదొకటి. మిషన్లూ మందులూ ప్రపంచంలో ఎప్పుడో పుట్టాయి. అవి మా ఊరు రావడమే ఆలస్యం.

నికెలా? వద్దు!

ఇక నా సంగతి. డాక్టరు గారు మూడు రకాలు చెప్పారు: లోహం, లోహం మీద పింగాణీ, జిర్కోనియా. మెటల్ క్యాప్‌లో ఏముంటుందని అడిగితే నికెల్, క్రోమియం అన్నారు. పక్కనున్న అమ్మ వెంటనే "నికెలా? వద్దు!" అంది.

అమ్మ భయానికి కారణం ఏలూరు వాళ్ళకి చెప్పక్కర్లేదు. 2020 డిసెంబరులో మా ఊళ్ళో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ పరీక్షల్లో వచ్చింది. అప్పట్నుంచి నికెల్ అన్న మాట మా వీధిలో బూతుమాటే. ఆ ఘటనకీ పంటి తొడుగులకీ ఏ సంబంధమూ లేదు, ఆ మాట గట్టిగా చెప్పాలి. మిశ్రమలోహంలో గట్టిగా ఇమిడి ఉన్న నికెల్ వేరు. నికెల్ పడని వాళ్ళు కొందరుంటారు, దుద్దులు పెట్టుకుంటే చెవులు పొక్కేవాళ్ళు, వాళ్ళు ముందే చెప్పాలి. మిగతావాళ్ళకి అది దశాబ్దాలుగా వాడుతున్న పదార్థమే. అసలు నికెల్ ఎందుకొచ్చిందంటే, 1971లో అమెరికా డాలరుకీ బంగారానికీ ముడి తెంచాక బంగారం ధర ఆకాశానికెక్కింది. బంగారం పోసే ల్యాబులన్నీ చవక లోహాలు వెతుక్కున్నాయి.

రెండో రకం, లోహం మీద పింగాణీ, వెనక కూడా ఒక కథ ఉంది. డెట్రాయిట్‌లో చార్లెస్ లాండ్ 1880లలోనే వట్టి పింగాణీ తొడుగు చేశాడు (1927లో ఒంటరిగా, మధ్యలో ఆగకుండా అట్లాంటిక్ దాటిన లిండ్‌బర్గ్ ఈయన కూతురి కొడుకే). అందంగా ఉండేది, గట్టిగా కొరికితే పగిలేది. లోహం మీద పింగాణీ కాల్చి అతికిద్దామంటే, చల్లారేటప్పుడు రెండూ వేరువేరు లెక్కన కుంచించుకుంటాయి. వేడినీళ్ళు పోస్తే గాజు గ్లాసు టప్పున పగుల్తుంది చూడండి, అలాగన్నమాట. 1962లో వైన్‌స్టీన్, ఆయన బృందం పింగాణీ పాళ్ళు మార్చి రెండింటి వ్యాకోచాన్నీ దగ్గరకి తెచ్చారు. లోహం చూస్తే కొంచెం ఎక్కువ కుంచించుకుని పింగాణీని బిగించి పట్టుకుంటుంది. అక్కణ్ణించి నలభై ఏళ్ళు ప్రపంచమంతా ఇదే రాజ్యం.

నేను వేయించుకున్నది మూడోది. జిర్కోనియం మూలకాన్ని 1789లో క్లాప్రోత్ అనే జర్మన్ సిలోన్ నుంచి వచ్చిన రాయిలో కనిపెట్టాడు. దాని ఖనిజం జిర్కాన్ మన భీమునిపట్నం, కళింగపట్నం తీరపు ఇసకలో కూడా ఉంది. 1975లో నేచర్‌లో వచ్చిన ఒక వ్యాసం దీని విచిత్ర గుణం చెప్పింది. పగులు పాకుతూ వస్తే, ఆ పగులు మొన దగ్గర స్ఫటికాలు రూపం మార్చుకుని ఉబ్బి, పగుల్ని అక్కడికక్కడే నొక్కేస్తాయి. ఎర్రర్ వచ్చిన చోటే దాన్ని పట్టుకుని ఆపేసే పదార్థం! ఇలాంటి గుణం నేను రాసే కోడ్‌కి ఉంటే రాత్రిళ్ళు ఫోన్లు రావు.

ఇంత గట్టిదాన్ని మైనం పోతలా పొయ్యలేం, మిషన్‌తో చెక్కాలి. దానికి కంప్యూటర్ కావాలి. 1985లో జ్యూరిక్‌లో మోర్మాన్ అనే దంతవైద్యుడూ, బ్రాండెస్టీని అనే ఎలక్ట్రికల్ ఇంజనీరూ కలిసి నోట్లో కెమెరాతో పన్ను కొలిచి, పక్కనే ఉన్న మిషన్లో దిమ్మ నుంచి పంటి ముక్క చెక్కి, అదే కూర్చీలో బిగించి చూపించారు. నా పంటిని కూడా స్కానర్‌తో తీసి ఫైలు ల్యాబుకి పంపారు. తెర మీద నా పన్ను త్రిభుజాల వలలా తిరుగుతుంటే, నొప్పి మర్చిపోయి చూస్తూ కూర్చున్నాను. మెహర్‌గఢ్ విల్లు దగ్గర మొదలైన పని ఇదే కదా అనిపించింది.

చివరిగా ఒక మాట

అయితే అంతా సుఖాంతమేనా? కాదు. జిర్కోనియాకి నేనిచ్చిన డబ్బు చేపల చెరువు మీద కూలికెళ్ళే మనిషికి వారాల సంపాదన. మా కంపెనీ ఇన్సూరెన్స్ దీనికి పైసా ఇవ్వలేదు. పంటి వైద్యాన్ని, ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప, మామూలు పాలసీలు లెక్కలోకి తీసుకోవు. గుండె, కిడ్నీ శరీరంలో భాగాలు, పన్ను మాత్రం అలంకారం అన్నట్టు! ప్రపంచంలో 350 కోట్ల మందికి నోటి జబ్బులున్నాయని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దేశంలో 2014లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం కూడా పెట్టారు. కానీ బీద మనిషి చేతికి అందే పంటి వైద్యం చాలాచోట్ల ఇంకా పీకుడే.

రెండో వైపు కూడా చూడాలి. డబ్బున్నవాళ్ళకి లక్షణంగా ఉన్న పళ్ళు అరగదీసి నవ్వు బాగుండాలని తొడుగులేసే వ్యాపారం పెరుగుతోంది. అరగదీసిన ఎనామిల్ మళ్ళీ రాదు, గుర్తుంచుకోండి. చిన్న పుచ్చుకి ఫిల్లింగ్ చాలు. తొడుగు అవసరమా అని అడగడం, ఎక్స్‌రే చూపించమనడం, ఇంకో డాక్టరు మాట కూడా వినడం తప్పేమీ కాదు. హంటర్ తిట్టింది ఊరికే కాదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పన్ను దక్కడం, పోవడం అన్నది ఆ మనిషి శ్రద్ధ మీద కన్నా ఆ ఊరికి ఏం చేరింది, ఎప్పుడు చేరింది అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. కాబట్టి పళ్ళూడిన పెద్దవాళ్ళని చూసి పళ్ళు సరిగా తోముకోలేదనెయ్యకండి. మీ ఇంట్లో ఎవరికైనా దవడ పన్ను నొప్పెడితే, పీకించేద్దాం అనేముందు ఒక్కసారి దంత కళాశాల ఆస్పత్రికైనా తీసుకెళ్ళి, నిలబెట్టడానికి వీలుందా అని అడగండి. వీలు లేదంటే సరే, పీకించండి. అడగకుండా మాత్రం పీకించకండి.

అన్నట్టు, ఆ సామెత మార్చాల్సిన టైమొచ్చింది. పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైనా ఒకటే. నిలబెట్టుకోడానికి మాత్రం భీమిలి ఇసకలో దొరికే ఆ రాయి కావాలి :)